తలుపుకు అడ్డం పెట్టిన బండ

పిలిచిన తీరే విశ్వాసమ్మకు నచ్చలేదు.

"బేతంచెర్ల జీవిత ఎవరమ్మా? కింద పులిపిర్ల కేసు. యాడుండారు?" అంటూ అటెండరు వీరేష్ గుమ్మంలో నిలబడి, బస్టాండులో బస్సుకు జనాన్ని పిలిచినట్టు కేకేశాడు. కర్నూల్లో ఆ ట్రస్టు ఆసుపత్రికి చర్మవ్యాధుల రోజున వచ్చే జనం తక్కువేమీ కాదు. గజ్జి, తామర, బొల్లి, అన్నీ ఆ హాల్లోనే. ఎవరికున్నది వాళ్ళు గోక్కుంటూ కూర్చున్న మనుషులంతా ఆ కేకకు గోకడం మాని తలలెత్తారు.

విశ్వాసమ్మ పక్కన ఆమె కోడలు జీవిత కదలకుండా కూర్చుండిపోయింది. "లేమ్మా, మనల్నే" అని అత్త మోచేయి పట్టుకుంటే అప్పుడు లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, నేల చూపులు చూస్తూ నడిచింది. ఆ కాస్త దూరం నడిచేలోపే విశ్వాసమ్మకు మగవాళ్ళ వరుస చివర దావీదురాజు కనిపించాడు. తమ చర్చి సంఘపెద్ద. బండల బురద పడక పాదాలు పగిలి, చెప్పులు విడిచి మడమల మీద ఆనుకుని కూర్చున్నాడు. ఎక్కడ ఎదురుపడినా ముందుగా "వందనాలమ్మా" అనే మనిషి, ఆ రోజు ఫోను మీదికి తల వంచేశాడు. అంటే అంతా విన్నాడు.

"తోడొచ్చినోళ్ళు బయటనే ఉండాల" అన్నాడు వీరేష్.

"నేను అత్తను నాయనా."

"ఎవరైనా బయటనే."

ఇంత కట్టుదిట్టం చేసినవాళ్ళు తలుపు వేసుకుంటారనుకుంటాం. వేయలేదు. లోపల గాలాడదని, తలుపు మూసుకుపోకుండా కింద ఒక బండముక్క అడ్డం పెట్టారు. అది బేతంచెర్ల బండ. పాలిష్ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళుగా తడి బండల్ని ఎత్తి, కడిగి, నిలువునా పేర్చే విశ్వాసమ్మకు ఆ పాలబూడిద రంగు చూడగానే తెలిసింది. మంచి బండ, ఒక మూల విరిగిందని పనికిరాదన్నారు కాబోలు. దాని పుణ్యమా అని లోపలి మాటలన్నీ హాల్లోకి వచ్చి పడుతున్నాయి.

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?" పెద్ద డాక్టరు బసవరాజు గొంతు. "మొగుడు కాక ఇంకెవరైనా ఉన్నారా? పెళ్ళికి ముందు? గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు. ఏం పని నీది? ఫ్యాక్టరీలోనా? అక్కడ మగవాళ్ళతో కలిసేనా పని?"

జీవిత ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. లోపలే ఉన్న, నర్సింగు నేర్చుకునే పిల్లల్లో ఒకరు చిన్నగా నవ్వింది మాత్రం వినపడింది. విశ్వాసమ్మకు అరికాలి నుంచి మంట లేచింది. నొప్పి ఉందా, ఎన్నాళ్ళ నుంచి ఉంది, రక్తం పడుతోందా, ఈ మాటలు ఒక్కటైనా అడుగుతారేమోనని చెవి ఒగ్గి నిలబడింది. అడిగినవన్నీ ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు అనే. జబ్బు చూపించుకోవడానికి వచ్చిన మనిషిని దొంగను పట్టుకున్నట్టు అడుగుతున్నారే అనుకుంది. హాల్లో ఆడవాళ్ళు పక్కకు తిరిగి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు.

చివరికి బసవరాజు గొంతే మళ్ళీ వినిపించింది. "మందు పూశాం. వచ్చే వారం రా. మొగుణ్ణి తీసుకురా. ఆయన లేకుండా వస్తే చూడం, చెప్తున్నా."

జీవిత బయటికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. దావీదురాజు కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది.

తిరుగు బస్సులో వెల్దుర్తి దాటాక జీవిత సీటులో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది.

"ఏమ్మా?"

"మంటగా ఉండాది అత్తా. నల్లగా బంక మాదిరి ఏందో పూసినారు."

"మందన్నాక మండుతాది. ఓర్చుకో. కడిగినావంటే చేసిన పనంతా నీళ్ళపాలవుతాది. తెల్లార్లూ ఉండనీ" అంది విశ్వాసమ్మ. ఏ మందైనా ఎంతసేపు ఒంటి మీద ఉంటే అంత మేలని ఆమె నమ్మకం. ఎంతసేపు ఉంచాలో చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు, చెప్పారేమోనని అడగాలని ఆమెకు తోచలేదు. జీవిత అత్తమాట జవదాటే పిల్ల కాదు. ఆ రాత్రంతా పళ్ళబిగువున పడుకుంది.

పొద్దున లేవలేకపోయింది. విశ్వాసమ్మ తలుపు గడియ పెట్టి, కోడలి చీర పక్కకు తొలగించి చూసి, "ప్రభువా" అని కూలబడింది. పులిపిర్ల సంగతి దేవుడెరుగు, చుట్టూ ఉన్న మంచి తోలు కూడా ఎర్రగా కమిలి, కొన్ని చోట్ల పొర లేచిపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, మెత్తని పాత బట్ట తడిపి, పసిబిడ్డకు తుడిచినట్టు తుడిచింది. జీవిత కొంగు నోట్లో కుక్కుకుంది.

బయట కొళాయి గుంజకు వేలాడే అద్దం ముందు జయకుమార్ గడ్డం గీసుకుంటున్నాడు. విశ్వాసమ్మకు ఒక్కడే కొడుకు. బండల ఏజెంటు. కడప, వేంపల్లె, పొద్దుటూరు తిరిగి ఇళ్ళు కట్టేవాళ్ళకు బండలు చూపించి బేరాలు తెస్తాడు. మాట తీరు మంచిది, నడవడి మంచిదని సంఘంలో పేరు. బల్ల ఆదివారం, అంటే నెలకోసారి ప్రభువు రొట్టెనూ రసాన్నీ సంఘమంతా పంచుకునే ఆదివారం, రొట్టె తట్ట పట్టుకుని వరుసల వెంట తిరిగేది అతనే.

"జీవిత ఈ పొద్దు పనికి రాదు" అంది విశ్వాసమ్మ ఖాళీ చెంబుతో బయటికి వచ్చి. "నిన్న పూసిన మందు తెల్లార్లూ పెట్టుకున్యాది. తోలంతా కాలిపొయ్యిండాది పాపం."

"తెల్లార్లూనా?" జయకుమార్ చేయి ఆగింది. "కడుక్కోలేదా? మూడు నాలుగు గంటలకంతా కడిగేయల్ల గదమ్మా అది."

అనేశాడు. అనేసి, అద్దం వైపు తిరిగి, నురగ లేని చోట మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టాడు.

విశ్వాసమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఫ్యాక్టరీలో బండ బాగుందో లేదో చూడాలంటే వేలి కణుపుతో తట్టి వినాలి. పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల నెర్రె ఉంటే మోత మారిపోతుంది. కొడుకు మాటలో అలాంటి మోతే వినిపించింది ఆమెకు.

"కడగాలని నీకెవరు చెప్పినారు?"

"ఫోన్లో చూసినాలేమ్మా."

"ఏ మందని చూసినావు? నల్లదో తెల్లదో గూడ నేను చెప్పలే."

జయకుమార్ ముఖం కడుక్కున్నాడు. చద్దిపెట్టె తీసుకోకుండానే బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఫ్యాక్టరీలో విశ్వాసమ్మ చేతులు బండల్ని ఎత్తుతున్నాయే గాని మనసు ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం అన్నం గంటకు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. మంచం ఖాళీగా ఉంది. దొడ్లో స్నానం తడిక వెనక ఏదో గీకుతున్న చప్పుడు.

తడిక తీసి చూస్తే, జీవిత పీట మీద పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. ముందర కొబ్బరిచిప్పలో సున్నం. అందులో బట్టలసోడా కలుపుతోంది. చేతిలో అగ్గిపుల్ల.

బేతంచెర్లలో వేలి మీద పులిపిరికాయ లేస్తే ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. సున్నం, సోడా కలిపి అగ్గిపుల్లతో ముట్టిస్తారు. కాలి, చెక్కు కట్టి రాలిపోతుంది. విశ్వాసమ్మ బొటనవేలి మీద కూడా అలా కాల్చుకున్న తెల్లమచ్చ ఉంది. వేలి మీద కాల్చుకునేది ఎక్కడ కాల్చుకోబోతోందో అర్థమై, ఆమె ఆ చిప్పను కాలితో ఒక్క తాపు తన్నింది.

"పిచ్చి గాని పట్టిందా నీకు? కాలిన చోటనే మళ్ళా కాల్చుకుంటావా?"

"ఆడికి నేను పోనత్తా. సచ్చినా పోను." జీవిత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "ఈడ నేనే కాల్చుకుంటా. ఎవురూ అడగరు, ఎవురూ నవ్వరు."

"కడుపుతో ఉండావే తల్లీ." విశ్వాసమ్మ నేల మీద చతికిలబడింది. నెల తప్పిన సంగతి ఇంకా ఇంట్లో ముగ్గురికే తెలుసు. "అవునూ, నెల తప్పిందని డాక్టరుకు చెప్పినావా?"

"అడగలే."

"అడగలేదా?"

"అడిగినవన్నీ వేరే గదత్తా. నువ్వూ వింటివి గదా."

విన్నదంతా గుర్తు వచ్చింది విశ్వాసమ్మకు. ఇరవై రకాలుగా గుచ్చి గుచ్చి అడిగారు. కడుపుతో ఉన్నావా తల్లీ అని ఆడమనిషిని మొట్టమొదట అడగాల్సిన మాట ఒక్కటి అడగలేదు. తనను గుమ్మం దాటనిచ్చి ఉంటే తానైనా చెప్పేది. ఆ నల్లమందు కడుపులో బిడ్డకు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? భయం వేసింది, భయం వెనకే కోపం వచ్చింది.

చీకటి పడుతుండగా దావీదురాజు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప బయటే నిలబడి, తువ్వాలు భుజం మార్చుకుంటూ నెమ్మదిగా మాట్లాడాడు.

"వచ్చే ఆదివారం బల్ల ఉండాది గదమ్మా. కోడలికి ఒంట్లో బాగలేదంట. ఈ ఒక్కసారికి ఆయమ్మ బల్లలో చెయ్యి పెట్టకుండా ఉంటే మేలని నా మనసుకు తోచింది. నేను ఎవురికీ ఏం చెప్పలే. సంఘం పేరు గూడ చూసుకోవల్ల గదా."

"జరమొచ్చినోళ్ళను ఎప్పుడన్నా ఆపినావా అన్నా?"

"జరం వేరే, ఇది వేరేనమ్మా. నీకు తెలియనిదా." దావీదురాజు గొంతు తగ్గించాడు. "పొద్దున జయకుమార్‌తో గూడ అన్యా. సరే అన్యాడు."

ఆ ఆఖరి మాట విశ్వాసమ్మ గుండెలో దిగింది. దావీదురాజు వెళ్ళాక గడపలోనే కూర్చుంది. కొడుకు వచ్చి బండికి స్టాండు వేసేదాకా అక్కడే ఉంది. జయకుమార్ లోపలికి పోబోతుంటే కాళ్ళు అడ్డం చాపింది.

"ఎప్పుడొచ్చింది నీకు?"

"ఏందమ్మా?"

"నేను నీ అమ్మను రా. బండలు బేరం చేసినట్టు నాతో మాట్లాడొద్దు. ఎప్పుడు?"

జయకుమార్ బండి తాళాలు వేళ్ళ మధ్య తిప్పాడు. "పెండ్లికి ముందర. తగ్గిపోయింది. కడపలో ఒక డాక్టరు కాడ చూపించుకున్యా."

"ఆయప్ప ఎట్ల చూసినాడు?"

"ఎట్లంటే? రూములో కూచోబెట్టి, తలుపేసి..." మాట మధ్యలో ఆగాడు. తాను ఏం చెబుతున్నాడో అతనికీ అర్థమైనట్టుంది. "మందు పూసి, ఎప్పుడు కడగాల్నో చెప్పినాడు. భయపడొద్దు, శానామందికి వస్తాదన్యాడు. పెండ్లయితే భార్యకు చెప్పు, ఆయమ్మను గూడ చూపించు అన్యాడు."

"చెప్పినావా?"

జయకుమార్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

"అది రాత్రంతా మండుతా పండుకుంటే, నువ్వు పక్క మంచం మీద నిద్రపొయ్యినావు. దావీదురాజు వచ్చి నీ పెండ్లాన్ని బల్ల కాడికి రావద్దంటే సరే అన్యావు. నోరెట్ల వచ్చింది రా?"

"సంఘంలో తెలిస్తే ఏమవుతుందో ఆలోచించమ్మా. తట్ట పట్టేది నేను."

"అయితే రేపు మాతో ఆస్పత్రికి రా."

"నాకిప్పుడేం లేదమ్మా" అన్నాడతను, ఆమె కాళ్ళ పక్కనుంచి దాటి లోపలికి పోతూ.

కన్నకొడుకు. ఎవరైనా వేరే మొగవాడు ఇలా చేశాడంటే వాడి ఏడు తరాల్నీ దులిపేది విశ్వాసమ్మ. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక, గడపలోనే కూర్చుని తన చెంప మీద తానే కొట్టుకుంది.

మరునాడు కోడల్ని బతిమాలి, బామాలి, బిడ్డ మీద ఒట్టు పెట్టి బస్సు ఎక్కించింది. కొడుకు చెప్పిన సంగతి బస్సులోనే చెప్పేసింది. దాచడం ఇంక ఆమె వల్ల కాలేదు. జీవిత కిటికీలోంచి తెల్లటి క్వారీ గుట్టల్ని చూస్తూ వింది. "ఆయనకు ఆ మందు ఎట్ల కడగాల్నో తెలుసా అత్తా?" అని ఒక్కటే అడిగింది. అవునని విశ్వాసమ్మ చెప్పాక, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఆ రోజు చర్మవ్యాధుల రోజు కాదు కాబట్టి హాల్లో జనం పలచగా ఉన్నారు. వీరేష్ గుర్తుపట్టాడు. "మొగుణ్ణి తెచ్చినారా? లేకుంటే చూడరని సారు చెప్పలేదా?"

విశ్వాసమ్మ నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళింది. వంగి, తలుపు కింది బండముక్కను రెండు చేతులతో ఎత్తి, వీరేష్ కాళ్ళ దగ్గర గోడకు నిలువునా ఆనించింది. కోడల్ని లోపలికి తోసి, తానూ దూరి, తలుపు మూసింది. అదంతా వీరేష్ నోరు తెరిచి మూసేలోపు అయిపోయింది.

లోపల బసవరాజు లేడు. బల్ల వెనక ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. తనూజ. ఆ విభాగంలో కొత్తగా చేరింది. తలుపు వేసి ఇద్దరాడవాళ్ళు తన ముందు నిలబడితే ఆమె కంగారుపడలేదు. "కూర్చోండమ్మా" అంది.

"కూచునేకి రాలేదు. ఒక్క మాట అడిగేకి వచ్చినాం" అంది విశ్వాసమ్మ. "కడుపుతో ఉన్న పిల్లకు ఆ నల్లమందు పూయొచ్చునా?"

తనూజ చేతిలోని పెన్ను పక్కన పెట్టింది. జీవిత వైపు తిరిగింది. "నెల తప్పిందా? ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. ఆ ఆసుపత్రిలో ఆ ప్రశ్న జీవితను అడగడం అదే మొదలు. జీవిత అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళు ఆపుకున్నదంతా వచ్చింది.

తనూజ ఆమెను తెర వెనక్కి తీసుకెళ్ళి చూసింది. నర్సును పిలిచి స్కానింగ్ గదికి పంపించింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని, అంతా బాగుందని అక్కడ చెప్పేదాకా విశ్వాసమ్మ నిలబడే ఉంది. చెప్పాక గోడకు ఆనుకుని కూర్చుంది.

తిరిగి వచ్చాక తనూజ దాపరికం లేకుండా చెప్పింది. "ఆ మందు గర్భిణికి పూయకూడదమ్మా. కొంచెమే పూశారు కాబట్టి గండం తప్పింది. తప్పు మాదే. కడుపుతో ఉన్నప్పుడు ఈ పులిపిర్లు తొందరగా పెరుగుతాయి, అందుకే ఇన్ని లేచాయి. పుండు మానాక, మంచుకన్నా చల్లటి మందుతో ఒక్కొక్కటీ గడ్డకట్టించి మాడ్చేద్దాం. దానివల్ల బిడ్డకు ఏమీ కాదు. ఒకసారితో పోవు, మళ్ళీ మళ్ళీ రావాలి."

"ఇది ఎవరి నుంచి వచ్చిందమ్మా?" అని జీవితే అడిగింది.

"అది ఎవరూ తేల్చి చెప్పలేరు. వచ్చిన క్రిమి ఏళ్ళ తరబడి ఒంట్లో చప్పుడు లేకుండా ఉంటుంది. ఎప్పుడు పడిందో, ఎప్పుడు లేస్తుందో తెలీదు. దాన్నిబట్టి ఎవరి నడవడీ కొలవకూడదు. మీ ఆయనకు ఉందో లేదో చూడాలి, మంచి మాటలు నాలుగు చెప్పాలి, అందుకే రమ్మంటాం. ఆయన రాకపోయినా నీకు మందు ఆపం."

అప్పుడే బసవరాజు తలుపు తోసుకుని వచ్చాడు. విషయం తనూజ చెబితే అతని ముఖం కాస్త మారింది. "ఆ రోజు రద్దీ చాలా ఉంది" అన్నాడు. అని, ఊరుకుంటే పోయేది. "వీళ్ళయినా చెప్పాలి కదా. ఈ జబ్బువాళ్ళంతా ఇంతే. ఒక్కసారి వస్తారు, మందు పూయించుకుంటారు, మళ్ళీ కనిపించరు. నిర్లక్ష్యం."

"ఎట్ల వస్తారు సార్?" విశ్వాసమ్మ లేచి నిలబడింది. "హాల్లో అంతమంది ముందర కింద పులిపిర్లని కేకేపిస్తిరి. తలుపు తీసిపెట్టి, ఎవురితో పొయ్యినావని అడిగితిరి. మీ కాడ నేర్చుకునే పిల్లోళ్ళు నవ్విరి. పూసిన మందు ఎప్పుడు కడగాల్నో చెప్పకపోతిరి. కడుపుతో ఉండాదేమో కనుక్కోకపోతిరి. మా ఊరాయన ఆ కేక విని పోయి, ఈ పిల్లను గుళ్ళో బల్ల కాడికి రావద్దన్యాడు. సున్నం పెట్టి కాల్చుకోబోతాంటే నేను సూసినా. ఇంకెంతమంది ఇండ్లల్లో కాల్చుకుంటాండారో మీకు తెలుసునా? మీ కూతురైతే మళ్ళా వస్తుందా సార్ ఈడికి?"

బసవరాజు కుర్చీ వెనక వేలాడుతున్న తెల్లకోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"ఇక్కడ ఏడాదిగా ఈ జబ్బుకు ఏ మందు బాగా పనిచేస్తోందో లెక్క రాస్తున్నారమ్మా" అంది తనూజ. "ఈ జబ్బుతో వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది రెండోసారి రారు. వాళ్ళకు తగ్గిందో లేదో మాకు తెలీదు. ఎందుకు రాలేదని మేమెవరం అడగలేదు. మీరు ఇప్పుడు చెప్పినవి మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్తారా?"

విశ్వాసమ్మకు కోపం ఇంకా చల్లారలేదు. అయినా చెప్పింది.

ఆదివారం గుడి నిండిపోయింది. బేతంచెర్ల బండలు పరిచిన చల్లటి నేల మీద మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. విశ్వాసమ్మ చోటు ఎప్పుడూ ఆడవాళ్ళ ముందు వరుసే, పాట ఎత్తుకునేది ఆమే కాబట్టి. ఆ రోజు ఆమె వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, కోడలి పక్కన కూర్చుంది. పాట వేరే ఎవరో ఎత్తుకున్నారు, శ్రుతి కుదరలేదు. ముందున్న ఆడవాళ్ళు ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి, చూడనట్టు మళ్ళారు. దావీదురాజు ఎవరికీ ఏం చెప్పలేదన్నాడు గాని, తెలియనివాళ్ళు ఆ గుళ్ళో ఉన్నట్టు లేదు.

పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, మనసులో ఏదైనా దాచుకుని బల్ల దగ్గరికి రావద్దని ప్రతినెలా చెప్పినట్టే చెప్పారు. జయకుమార్ రొట్టె తట్ట పట్టుకున్నాడు. వెనక దావీదురాజు ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం పట్టుకున్నాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల, వంచిన చూపు, చూసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపించేలా ఉన్నాడు కొడుకు. విశ్వాసమ్మ తల పక్కకు తిప్పుకుంది.

వరుసలన్నీ అయిపోయి ఆఖరుకు వచ్చారు. అక్కడ ఇద్దరే. జయకుమార్ భార్యను దాటి వచ్చి, తల్లి ముందు వంగి తట్ట చాచాడు. విశ్వాసమ్మ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె బల్ల తప్పింది లేదు.

"వరుస తప్పినావు" అంది మెల్లగా. "ఆయమ్మకు పెట్టి రా."

జయకుమార్ దావీదురాజు వైపు చూశాడు. దావీదురాజు తల అడ్డంగా ఊపాడు.

"నాకు పెట్టొద్దులే" అంది జీవిత.

అయ్యో, లొంగిపోయింది పిల్ల, ఇంత చేసినా లొంగిపోయింది అనుకుంది విశ్వాసమ్మ. జీవిత తల ఎత్తింది. మొగుడి ముఖంలోకి చూస్తూ, అంతే నెమ్మదిగా అంది.

"ముందు నువ్వు ఆస్పత్రికి రా. నన్నడిగినవన్నీ నిన్ను గూడ అడగనీ. నీకు పెండ్లికి ముందే వచ్చి తగ్గింది గదా. నాకు గూడ తగ్గాల్ల. ఆ మీదట నీ చేత్తో పెట్టు, తీసుకుంటా."

ఆమె గొంతు పెంచలేదు. కాని బల్ల జరిగేటప్పుడు గుళ్ళో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, ముందు వరుసలో పసిబిడ్డ పాలు తాగే చప్పుడు కూడా వెనకకు వినిపిస్తుంది. దావీదురాజు చేతిలో గ్లాసులు గలగలలాడాయి. మగవాళ్ళ వైపు ఒకరు దగ్గి ఆపుకున్నారు. జయకుమార్ ముఖం పాలిపోయింది. ఆసుపత్రి హాల్లో తన పెళ్ళాం ఎలా నడిచిందో ఆ క్షణంలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసి ఉండాలి.

అతను తట్టను దావీదురాజు ఖాళీ చేతిలో పెట్టాడు. మగవాళ్ళ వైపు పోలేదు. జీవితకు ఇవతలగా, చెప్పుల పక్కన నేల మీద కూర్చుని తల వంచుకున్నాడు. రెండు చేతుల్లో రెండు పళ్ళేలతో దావీదురాజు ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తెలియక నిలబడిపోయాడు. ఎవరూ లేచి సాయం పట్టలేదు. అయ్యగారే తేరుకుని పాట అందుకున్నారు.

గుడి వదిలాక, గేటు దగ్గర దావీదురాజు వాళ్ళకు ఎదురయ్యాడు. "వందనాలమ్మా" అన్నాడు. విశ్వాసమ్మ చేతులు జోడించకుండా దాటిపోయింది.

మళ్ళీ చర్మవ్యాధుల రోజు వచ్చింది. ముగ్గురూ ఒకే బస్సులో వెళ్ళారు. జయకుమార్ దారి పొడుగునా నిలబడే ఉన్నాడు, సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. హాల్లో ఎప్పటిలాగే గజ్జి, తామర, బొల్లి. వీరేష్ గుమ్మంలోకి వచ్చి చేతిలో చీటీ చూసి, "పద్నాలుగో నంబరు" అన్నాడు. అంతే. పద్నాలుగో నంబరు ఎవరో, ఏం జబ్బో ఎవరూ తల ఎత్తి చూడలేదు.

జయకుమార్ లేచాడు. ఒకసారి వెనక్కి చూశాడు. జీవిత చూడలేదు. అతను లోపలికి వెళ్ళాక తలుపు పడింది. ఒక్క మాట బయటికి రాలేదు. బండముక్క విశ్వాసమ్మ పెట్టిన చోటే గోడకు ఆని ఉంది. ఎవరో దాని పక్కన మంచినీళ్ళ సీసా పెట్టుకున్నారు. చేత్తో తోస్తే పడే తలుపు మూయడానికి ఇంత గొడవ చేయాల్సి వచ్చిందే అని విశ్వాసమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఆ గుమ్మంలోంచి ఏడుస్తూ పోయి, సున్నం పెట్టుకున్నవాళ్ళను ఇప్పుడు ఎవరు వెతికి తెస్తారు?

జయకుమార్ చాలాసేపటికి బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పదహైదు" అన్నాడు వీరేష్. తనూజ గుమ్మం దాకా వచ్చి, "మీ అత్తను తోడు తెచ్చుకుంటావా?" అని జీవితనే అడిగింది.

జీవిత లేచింది. "వద్దమ్మా. నేనే వస్తా" అంది. కొంగు తల మీదికి లాక్కోకుండా లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది.

పక్క కుర్చీలో పల్లెటూరి ఆడమనిషి ఒకామె, ముఖం సగం కప్పుకుని, ఇందాకటి నుంచి లేచిపోదామా ఉందామా అన్నట్టు కూర్చుని ఉంది. విశ్వాసమ్మ వైపు వంగి, "మీ పిల్లకు ఏం జబ్బు అక్కా?" అంది లోగొంతుకతో.

విశ్వాసమ్మ ఆమె చేతిలో నలిగిపోతున్న చీటీని చూసింది.

"తగ్గే జబ్బేలేమ్మా" అంది. "నీదెన్నో నంబరు?"